కీమో నడుస్తుండగా మూలికలు: "ఏదీ వద్దు" అనడం సరైన సలహానా?

గోదారిగట్టు:
చాలా చోట్ల కీమో మొదలుపెట్టే రోజు చేతికిచ్చే కాగితంలో ఒకటే ముక్క ఉంటుంది: "నాటు మందులు, ఆయుర్వేదం, ఆకు పసర్లు వాడరాదు". ఏది, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది ఉండదు. ఇంట్లో చుట్టాలు ఊరుకోరు. ఒకరు తిప్పతీగ అంటారు, ఒకరు లక్ష్మణఫలం, ఇంకొకరు బొప్పాయి ఆకు రసం. అన్నిటినీ ఒకే గాటన కట్టి వద్దనడం సబబేనా? విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది బిళ్ళగన్నేరు నుంచే కదా? విషయం తెలిసినవాళ్లు రాయండి. "మా బాబాయికి తగ్గింది" కథలు వద్దు.

మందులచీటీ (క్లినికల్ ఫార్మసిస్టు):
బిళ్ళగన్నేరు సంగతి ముందు తేల్చుకుందాం. ఆకులో విన్‌క్రిస్టిన్ ఎంత తక్కువంటే, గ్రాముల్లో మందు తీయడానికి ఆకు టన్నుల్లో కావాలి. తీశాక ఇచ్చేది చదరపు మీటరు ఒంటికి 1.4 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాటితే నరాలు దెబ్బతింటాయి. అదీ నరంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. గుప్పెడు ఆకు నమిలితే ఏ ఆల్కలాయిడ్ (మొక్కలోని మందు రసాయనం) ఎంత లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు. "మూలిక నుంచే మందు వచ్చింది" అన్నది నిజమే, కానీ అది కొలతకు అనుకూలమైన వాదన, ఆకుకు కాదు.

ఇక అసలు ప్రశ్న. నేను "ఏదీ వద్దు" వైపే. ఓపీలో ఒక్కో రోగికి దొరికేది నాలుగైదు నిమిషాలు. అందులో పది రకాల చూర్ణాలను పేరుపేరునా విడదీసి చెప్పడం అయ్యే పని కాదు.

పల్నాటివైద్యం (ఆయుర్వేద వైద్యుడు):
మందులచీటీ గారూ, మీ కాగితం వల్ల వాడకం ఆగదు, చెప్పడం ఆగుతుంది. రోగి కీమో మూడో సైకిల్‌కు, అంటే మూడో విడతకు వస్తాడు, బిలిరుబిన్ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగి ఉంటుంది. డాక్టరు అది కీమో వల్లనుకుని డోసు తగ్గిస్తాడు, లేదా సైకిల్ వాయిదా వేస్తాడు. పొద్దున్నే తాగుతున్న కషాయం సంగతి ఎవరూ నోరు విప్పరు. "వద్దన్నారుగా, చెబితే తిడతారు" అన్న భయం.

ఇంకొకటి. మీ వార్డులో మార్ఫిన్ వాడే ప్రతివాళ్లకూ మలబద్ధకానికి రాసేది ఏమిటి? సెన్నా. అంటే మా నేలతంగేడు. దాన్ని మూలిక అనరు, మాత్ర అంటారు!

మందులచీటీ:
ఒప్పుకుంటాను, మంచి దెబ్బే. కానీ ఆ మాత్రలో సెన్నోసైడ్లు (విరేచనం చేయించే పదార్థం) ఇన్ని మిల్లీగ్రాములని అట్ట మీద ఉంటుంది. రెండు వేస్తే సరిపోకపోతే మూడు వేస్తాం. బజారు చూర్ణంలో ఆ లెక్క ఏదీ? అన్నట్టు, మార్ఫిన్ వాడేవాళ్లకు ఇసబ్గోల్ ఇవ్వకండి. నీళ్లు సరిగ్గా తాగకపోతే పేగులో గట్టిపడి అడ్డం పడుతుంది. ఇంట్లో తరచుగా చేసే తప్పు ఇది.

డేకేర్‌సిస్టర్:
బొప్పాయి ఆకు గురించి నేను రాస్తాను, ఎక్కువగా అడిగేది అదే. చాలా కీమో మందులకు ప్లేట్‌లెట్లు 10 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోయి, మళ్లీ వాటంతటవే ఎక్కుతాయి. కార్బోప్లాటిన్‌కైతే 21వ రోజు దాకా పడుతూనే ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు కంగారుపడి రసం మొదలుపెట్టేది సరిగ్గా అడుగున ఉన్నప్పుడు. వారం తర్వాత రక్తపరీక్షలో అంకె పెరుగుతుంది, పేరు బొప్పాయికి పోతుంది. రసం తాగకపోయినా ఆ వారం పెరిగేవే.

అది పనిచేయకపోవడం ఒక్కటే అయితే నాకు ఇంత పట్టింపు ఉండదు. అదే రోజుల్లో తెల్లకణాలు కూడా అడుగున ఉంటాయి. న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు) 500 కంటే తక్కువ ఉన్న మనిషికి ఉడకని ఆకు రసం, గోధుమగడ్డి రసం ఇవ్వడమంటే మట్టిలోని బ్యాక్టీరియా, బూజు కలిపి ఇచ్చినట్టే. ఎంత కడిగినా పోవు. జ్వరం 100.4 దాటితే కషాయం కాచుకుంటూ కూర్చోకుండా, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా అత్యవసర విభాగానికి రావాలి. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి.

గోదారిగట్టు:
మరి పసుపు? రోజూ కూరలో వేసుకునేదే కదా.

మందులచీటీ:
కూరలో పసుపుకు ఎవరూ అడ్డు చెప్పరు. లెక్క చూడండి. మంచి పసుపులో కర్క్యుమిన్ (మందుగా అమ్మే పదార్థం ఇదే) సుమారు 3 శాతం. కూరలో అర గ్రాము పసుపు వేస్తే 15 మిల్లీగ్రాములు. "95 శాతం" అని రాసి ఉన్న 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్లో 475. అంటే ఒక్క క్యాప్సూల్ దాదాపు 16 గ్రాముల పసుపుకు సమానం, అయిదు చెంచాలు. రోజుకు రెండు మింగేవాళ్లున్నారు.

పైగా అందులో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లయింది. అమ్మేవాళ్లు దీన్నే గొప్పగా చెబుతారు. కానీ పైపెరిన్ అడ్డుకునే కాలేయపు ఎంజైములే చాలా క్యాన్సర్ మందుల్నీ కరిగిస్తాయి. పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసుల్లోనూ పైపెరిన్ కలిపినవి చాలా కనిపిస్తాయి. టామోక్సిఫెన్ వాడే 16 మందికి నెదర్లాండ్స్‌లో కర్క్యుమిన్, పైపెరిన్ కలిపి ఇచ్చి చూస్తే, ఒంట్లో అసలు పనిచేసే ఎండాక్సిఫెన్ సుమారు 12 శాతం తగ్గింది. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి వాడే మందు అది.

మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు బోర్టెజోమిబ్ మందు తీసుకునేవాళ్లు గ్రీన్ టీ క్యాప్సూళ్లు కూడా పక్కన పెట్టండి. ఎలుకల్లో ఆ మందుకే అతుక్కుని దాన్ని పనిచేయనివ్వలేదు. అమెరికా నుంచి పిల్లలు పంపే సీసాల్లో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఉందేమో చూసుకోండి. ఐరినోటెకాన్ అనే కీమో మందు నుంచి ఒంట్లో తయారయ్యే అసలు మందును అది 42 శాతం తగ్గించింది.

పల్నాటివైద్యం:
మీరు చెప్పినవన్నీ కంపెనీల ఎక్స్‌ట్రాక్టులు. వాటిని ఆయుర్వేదం పద్దులో రాయకండి. శాస్త్రంలో పసుపు 475 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఎక్కడా లేదు.

మందులచీటీ:
సరే, తిప్పతీగకు వద్దాం. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు రాశారు. మరుసటి ఏడాది 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. ఆటోఇమ్యూన్ తరహా జబ్బు, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కాలేయం మీద దాడి చేయడం.

పల్నాటివైద్యం:
ఆయుష్ శాఖ అప్పుడే అభ్యంతరం చెప్పింది. టినోస్పోరా క్రిస్పా అనే మరో జాతి ఉంది, తీగ మీద బొడిపెలు ఎక్కువ. అది కలిసి ఉండొచ్చని. పెరట్లో తీగ కోసుకునేవాళ్లకు రెంటికీ తేడా తెలియదు.

మందులచీటీ:
తేడా తెలియకపోవడమే నా వాదన కదండీ. పైగా తిప్పతీగ రోగనిరోధక శక్తిని రేపుతుందని మీరే అంటారు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ క్యాన్సర్ మందులు కూడా చేసేది అదే. అవి వాటంతట అవే కాలేయాన్ని వాపు చేయగలవు. రెండూ కలిసి ఎంజైములు పెరిగితే దేన్ని ఆపాలో తేల్చుకోలేక బతికించే మందునే ఆపాల్సి వస్తుంది.

పల్నాటివైద్యం:
ఇమ్యూనోథెరపీ రోగులకు తిప్పతీగ వద్దు. అక్కడ మీతో ఉన్నాను. అశ్వగంధ కూడా వద్దు. కానీ అల్లం సంగతి చెప్పండి. 2012 నాటి అమెరికా పరీక్షలో 576 మంది. కీమోకు మూడు రోజుల ముందు నుంచి రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం పొడి ఇస్తే మొదటి రోజు వికారం తగ్గింది. వాంతి మాత్రలతో కలిపే ఇచ్చారు, వాటికి బదులుగా కాదు. శొంఠి పావు చెంచా నుంచి అర చెంచా. మెడ, నోటి రేడియేషన్ వాళ్లకు తేనె 20 మిల్లీలీటర్లు, సిట్టింగుకు పావుగంట ముందు, పావుగంట తర్వాత, ఆరు గంటలకు మరోసారి పుక్కిట పట్టి మెల్లగా మింగించారు. నోటిపూత తగ్గింది. అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ తేనె ఉంది. "ఏదీ వద్దు" కాగితం ఈ రెంటినీ కూడా చంపేస్తోంది.

డేకేర్‌సిస్టర్:
తేనెకు షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి. ఎవరైనా సరే మింగాక నీళ్లతో నోరు కడుక్కోవాలి, రేడియేషన్ పడిన నోట్లో లాలాజలం తక్కువ, పళ్లు త్వరగా పుచ్చుతాయి. శొంఠి ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గితే ఆపండి.

గోదారిగట్టు:
లోహాలు, ఖనిజాలు కాల్చి చేసే భస్మాల మాటేమిటి? 2018లో ఏదో అధ్యయనంలో మూలికలు వాడినవాళ్లే ఎక్కువ చనిపోయారని చదివాను, అదీ చెప్పండి.

మందులచీటీ:
అవి రెండు అధ్యయనాలు, రెండూ అమెరికావే. అసలు చికిత్స మానేసి ప్రత్యామ్నాయం మీదే ఉన్నవాళ్లలో మరణాలు రెండున్నర రెట్లు. రెండోది చికిత్సతో పాటు ఇతర పద్ధతులు వాడినవాళ్ల మీద. వాళ్లలోనూ రెట్టింపే, కానీ కారణం వెతికితే ఆపరేషనో, కీమోనో కొంత వద్దనుకోవడం బయటపడింది. దాన్ని లెక్కలోంచి తీసేస్తే తేడా మిగల్లేదు. ఈ ముక్క పల్నాటివైద్యం గారికి అనుకూలమే, దాచను.

భస్మాలకు మాత్రం నా దగ్గర మినహాయింపు లేదు. ఆర్సెనిక్ ఒక రకం రక్త క్యాన్సర్‌కు మందే. కిలో బరువుకు 0.15 మిల్లీగ్రాములు, నరంలోకి, ఈసీజీ, పొటాషియం చూసుకుంటూ ఇస్తారు. అవేవీ చూడకుండా పొట్లంలో ఇచ్చేదానికి నేను సంతకం పెట్టను.

పల్నాటివైద్యం:
శుద్ధి సరిగ్గా జరిగిన రసౌషధాన్నీ (లోహాలు, ఖనిజాలతో చేసే ఆయుర్వేద మందు) ఊరూపేరూ లేని పొట్లాన్నీ ఒకటి చేస్తే ఒప్పుకోను. అది వేరే చర్చలో తేల్చుకుందాం. కీమోలో ఉన్న రోగికి నేనూ రాయను, కిడ్నీలు ముందే అలిసి ఉంటాయి.

డేకేర్‌సిస్టర్:
లక్ష్మణఫలం మిగిలింది. పండు ఎప్పుడైనా తింటే తినండి. ఆకుల కషాయం నెలల తరబడి వద్దు. అందులోని అనోనాసిన్ నరాలకు విషం, కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవిలో పార్కిన్‌సన్స్ (వణుకు, కదలికలు మందగించే నరాల జబ్బు) లాంటి జబ్బుతో దానికి సంబంధం ఉందని అనుమానించారు.

"ఏదో పొడి వాడుతున్నాం" అంటే మాకు ఏమీ తెలియదు. డబ్బానే సంచీలో వేసుకుని రండి. ఎప్పుడు మొదలుపెట్టారు, రోజుకు ఎంత, ఆఖరి మోతాదు ఎప్పుడు, ఈ మూడూ అట్ట మీద పెన్నుతో రాయండి. ఆపరేషన్ తేదీ ఖాయమైతే పసుపు క్యాప్సూళ్లు, వెల్లుల్లి మాత్రలు, అల్లం మాత్రలు రెండు వారాల ముందే ఆపి, ఆపిన తేదీ మత్తు డాక్టరుకు చెప్పాలి. వంటలో వేసేవి మామూలుగానే వేసుకోవచ్చు.