కోర్ కనబడకపోతే రేడియో గెలాక్సీ ఆరిపోయినట్టేనా?

ఓరుగల్లు_రేడియో:
ప్రశ్న ఇదీ. రెండు లోబ్‌లు (జెట్‌లు, అంటే బ్లాక్‌హోల్ చిమ్మే ధారలు, ఊదిన రేడియో మబ్బులు) ఉన్నయి, నడుమ గెలాక్సీ ఉన్నది, కానీ దాని మీద కోర్, అంటే జెట్ మొదలయ్యే కాడి రేడియో చుక్క, లేదు. ఆరిన గెలాక్సీల జాబితాల వెయ్యాల్నా వద్దా? నేనైతే వెయ్యాలనే అంట. బ్లాక్‌హోల్ దగ్గర జెట్ ఆగితే మొదట పోయేది కోరే. లోబ్‌లు కోట్ల ఏండ్లు మిణుకుతనే ఉంటయి. లోఫార్ రేడియో టెలిస్కోప్ 144 మెగాహెర్ట్జ్ మ్యాప్‌ల లోబ్‌లు పట్టుకో, 3 గిగాహెర్ట్జ్ వీలాస్ (వీఎల్ఏ టెలిస్కోప్ ఆకాశ సర్వే) మ్యాప్‌ల నడుమ చూడు, ఏం లేదా, రాసెయ్. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీల ఎంత వెలుగు) లెక్కలు దాకా పోవుడు ఎందుకు?

హనుమకొండ_144:
అన్నా, "ఏం లేదా" అన్న కాడనే తిరకాసు. వీలాస్‌లో ఒక విడత నాయిస్ సుమారు 0.12 మిల్లీజాన్‌స్కీ (రేడియో వెలుగు కొలమానం). చుక్క ఉందని నమ్మాలంటే నాయిస్‌కు మూడింతలు, అంటే మూడు సిగ్మా, ఉండాలి: 0.36. లోబ్‌లతో కలిపి మొత్తం 400 మిల్లీజాన్‌స్కీలు ఉన్న గెలాక్సీలో కోర్ వాటా వెయ్యిలో ఒక వంతు కన్నా తక్కువ అని మాత్రమే నువ్వు చెప్పగలవు. 3సీ అనే రేడియో మూలాల జాబితాలోని బలమైన గెలాక్సీల్లో జెట్ నిక్షేపంగా నడుస్తూ కూడా కోర్ వాటా అంతకన్నా తక్కువున్నవి దొరుకుతాయి. మొత్తం 40 మిల్లీజాన్‌స్కీలే ఉన్నదైతే మరీ అన్యాయం, పరిమితి దాదాపు నూటికి ఒకటి. అది చావు ధ్రువపత్రం కాదు, మ్యాప్ లోతు ఎంతో చెప్పే అంకె.

స్పెక్ట్రమ్ చూడాలి. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ముందు నీరసపడతాయి కాబట్టి కొత్త సరుకు రాకపోతే పై ఫ్రీక్వెన్సీలు ముందు కుంగుతాయి. 144కూ 1400 మెగాహెర్ట్జ్‌కూ మధ్య ఇండెక్స్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వెలుగు ఎంత నిటారుగా తగ్గుతుందో చెప్పే అంకె) 1.2 దాటితే అనుమానించొచ్చు. 144 దగ్గర 600 మిల్లీజాన్‌స్కీలుంటే, ఇండెక్స్ 0.7 అయితే 1400 దగ్గర 122 మిగలాలి, 1.2 అయితే 39.

పాకాల_తూము:
ఇద్దరూ హాట్‌స్పాట్‌ను, అంటే జెట్ లోబ్ చివర గుద్దుకునే మెరిసే చోటును, మరిచారు. చెరువు తూము మూసిన వెంటనే చివరి ఆయకట్టు మడికి నీళ్ళు ఆగవు గదా, కాలువలో ఉన్నవి పారుతూనే ఉంటాయి. జెట్ కూడా అంతే. లోబ్ చివర కోర్‌కు 300 కిలోపార్సెక్‌ల దూరంలో ఉంటే, కాంతి వేగంతో పోయినా ఆఖరి సరుకు చేరడానికి దాదాపు పది లక్షల ఏళ్ళు. అప్పటిదాకా హాట్‌స్పాట్ వెలుగుతుంది, ఎలక్ట్రాన్లు కొత్తగా తయారవుతాయి, స్పెక్ట్రమ్ ఆరోగ్యంగా కనబడుతుంది. కోర్ మాత్రం ఎప్పుడో ఆరి ఉంటుంది.

బీ1834+620 చూడండి. రెండు జతల లోబ్‌లున్న గెలాక్సీ, అంటే జెట్ ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. బయటి జతలో ఒకవైపే హాట్‌స్పాట్ ఉంది. రెండువైపులా ఒకేసారి ఆగినా, మనకు దూరంగా ఉన్న వైపు నుంచి వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి అక్కడ మనం పాత సంగతి చూస్తున్నాం. ఒకే ఫోటోలో రెండు తారీఖులన్నమాట.

ఓరుగల్లు_రేడియో:
తూము ముచ్చట ఒప్పుకుంట. కానీ తమ్మీ, నీ 1.2 గీత కూడా దేవుడు గీసింది కాదు. 5 మైక్రోగాస్ అయస్కాంత క్షేత్రం, 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర విరుపు (స్పెక్ట్రమ్ కిందికి వంగే చోటు) అనుకుందాం. రెడ్‌షిఫ్ట్ (ఎంత పెద్దగుంటే గెలాక్సీ అంత దూరం) 0.1 దగ్గర ఆ విరుపు రావడానికి 7 కోట్ల ఏండ్లు. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర 1.1 కోట్లే. అక్కడ విశ్వ నేపథ్య వికిరణమే ఎలక్ట్రాన్ల శక్తిని తోడేస్తది. నిన్న మొన్న ఆరిన దగ్గరి గెలాక్సీ నీ గీతకు చిక్కదు. నా కోర్ పద్ధతికి చిక్కుతది.

హనుమకొండ_144:
చిక్కుతుంది, దాంతోపాటు బతికున్నవీ చిక్కుతాయి, అదే గొడవ. విరుపు ఒకటే చూస్తే వయసూ, ఆగిన కాలమూ కలిసిపోతాయి. రెండు విరుపులు కావాలి: కింది విరుపు మొత్తం వయసుకు, పై విరుపు జెట్ ఆగిన కాలానికి. 300 మెగాహెర్ట్జ్, 4.8 గిగాహెర్ట్జ్ అనుకోండి. నిష్పత్తి పదహారు, దాని వర్గమూలం నాలుగు, అంటే మొత్తం వయసులో పావు వంతు కాలంగా జెట్ లేదు. పై విరుపు తర్వాత స్పెక్ట్రమ్ నిట్టనిలువుగా పడిపోవాలి. కాబట్టి 4.8 దగ్గర కొలత లేకుండా "ఆరింది" అనడం తొందరపాటే.

పాకాల_తూము:
కొలత అన్నారు కాబట్టి అందరూ జారిపడే చోటు చెప్తాను. వీలాస్ మ్యాప్‌లో సుమారు ఒక ఆర్క్‌నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కన్నా పెద్ద వ్యాపక వెలుగు సరిగా నమోదు కాదు, యాంటెన్నాల మధ్య దగ్గరి జంటలు చాలవు. లోబ్ వెలుగులో సగం అలా పోయిందనుకోండి. 1.4 నుంచి 3 గిగాహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ పెరిగేది 2.14 రెట్లే, అందుకని ఇండెక్స్ ఏకంగా 0.9 తప్పు వస్తుంది: 0.7 కాస్తా 1.6 అయి కూర్చుంటుంది, బతికున్న గెలాక్సీని పూడ్చిపెట్టేస్తారు. అదే సగం 144–1400 జంటలో పోతే తప్పు 0.3.

వీలాస్‌ను కోర్ కోసం మాత్రమే వాడండి, లోబ్‌లకు ముట్టుకోకండి. లోబ్‌లకైతే 1.4 గిగాహెర్ట్జ్ ఎన్‌వీఎస్ఎస్ సర్వే తీసుకొని, లోఫార్ 6 ఆర్క్‌సెకండ్ల మ్యాప్‌ను దాని 45 ఆర్క్‌సెకండ్ల స్పష్టతకు మసకబరిచి, ఒకే గ్రిడ్ మీదికి తెచ్చి, ఒకే గీత లోపల రెండింటినీ కూడండి. మసకబరచకుండా పిక్సెల్ మీద పిక్సెల్ భాగిస్తే అంచుల దగ్గర ఇండెక్స్ తప్పుగా కనబడుతుంది. 45 ఆర్క్‌సెకండ్లలో పక్క గెలాక్సీ చుక్క కూడా కలిసిపోతుంది, ముందే దాన్ని తీసెయ్యాలి.

ఓరుగల్లు_రేడియో:
సరే, జాబితాల "ఆరింది" గడి తీసేసి, కోర్ వాటా పై పరిమితి ఒక గడి, హాట్‌స్పాట్ ఉందా లేదా ఇంకో గడి పెడ్త. స్పెక్ట్రమ్ గడి మాత్రం 4.8 కొలత ఉన్నోటికే నింపుత. మిగిలినయి ఖాళీగనే ఉంటయి.

హనుమకొండ_144:
ఖాళీ గడులే ఎక్కువుంటాయి అన్నా. మసకబారిన లోబ్‌లు 4.8 దగ్గర కనబడేంత మిగిలి ఉంటే గదా!