అప్‌డేట్: మడత కత్తి పివట్ స్క్రూ ఊడింది

చీనీ (బత్తాయి) తోటలో వాడే మడత కత్తి పివట్ స్క్రూ, అంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ, ఎటు తిప్పినా రెండు వైపులా కలిసి తిరుగుతోంది, ఎలా ఊడదీయాలని అడిగాను కదా, మొత్తానికి ఊడింది. సమాధానం ఇచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

అసలు విషయం ఏమంటే లోపల స్క్రూ మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పూసే జిగురు) ఎండిపోయి ఉంది, వేడి తగిలితే అది మెత్తబడుతుందని మీలో ఒకరు చెప్పారు, అందుకే అనంతపురంలో మొబైల్ రిపేర్ చేసే తెలిసినాయన దగ్గర హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ తల మీద మాత్రమే కాసేపు వేడి పెట్టించి, రెండు వైపులా టి8 టార్క్స్ (నక్షత్రం ఆకారం మొన ఉండే) బిట్లు పెట్టి ఒకటి గట్టిగా పట్టుకుని ఇంకోటి తిప్పితే టక్కున వదిలింది. పివట్ గుండ్రంగా ఉంది కాబట్టే ఆ తిప్పలు. కొన్ని కత్తుల్లో దానికి ఒక వైపు చదునుగా కోసి, ఇంగ్లీషు డి అక్షరంలా చేసి, చట్రంలో అదే ఆకారంలో రంధ్రం పెడతారు, అప్పుడు ఒక వైపు నుంచి తిప్పినా చాలు. ఇంత చిన్న పని అన్ని కంపెనీలూ ఎందుకు చేయవో!

లోపల కంచు వాషర్ల మీద చీనీ జిగురు, ఎర్రమట్టి కలిసి నల్లగా పేరుకుంది. కిరసనాయిలుతో కడిగి, ఒక చుక్క నూనె వేసి బిగించాను. బ్లేడు ఊగడం ఆగేదాకా, అయినా సులువుగా తెరుచుకునేలా బిగించి ఆపాలి.

స్క్రూ బదులు రివెట్ (విప్పడానికి రాని మేకు) కొట్టిన కత్తులకు మాత్రం ఇదేదీ పనికిరాదు, వాటిని విప్పకుండానే కడుక్కోవాలి.