గ్రామసభ తీర్మానంతో ప్రాజెక్టు ఆగిన ఊళ్లు ఉన్నాయా?

కొండవాగు: అనంతగిరి వైపు మా కొండ మీద పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకు (నీళ్లు పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేది) సర్వే మొదలైంది. ఊరిని అడగకుండానే హద్దురాళ్లు పాతి వెళ్లారు. వ్యతిరేక తీర్మానం చేద్దామనుకుంటున్నాం. కోరం ఎంత? తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? నకళ్లు ఎవరెవరికి పంపాలి?

కాఫీతోట: సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు ఉంది కదా! బొర్రా ప్రాంతపు గనుల మీద 1997లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఏజెన్సీలో ఎవరూ తవ్వకూడదు. ఆ తీర్పు చూపించండి, చాలు.

పాతకేసులు: చాలదు. ఏజెన్సీ భూమి కేసులే నా వృత్తి, ఆ తీర్పు మొత్తం చదివినవాణ్ని. గిరిజనేతరులకు ప్రభుత్వం కూడా లీజు ఇవ్వకూడదంది. కానీ ప్రభుత్వ ఖనిజ సంస్థకూ గిరిజన సహకార సంఘాలకూ దారి వదిలింది. బాక్సైటు వచ్చింది ఆ దారినే. తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం వెళ్లేది ప్రైవేటు కర్మాగారానికి.

కాఫీతోట: చదువుకున్నవారు ఇలా భయపెట్టబట్టే ఊళ్లు వెనక్కి తగ్గుతున్నాయి. జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వారా? 2015 నవంబరులో జీవో 97 ఇచ్చి 1,212 హెక్టార్ల అడవి రాసిచ్చారు. ఏమైంది? ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది. పక్కన పెట్టక తప్పలేదు.

పాతకేసులు: నేను చెప్పేదీ అదే! ఆపింది జనం. తీర్పు ఒక్కటే కాపాడేదైతే ఆ జీవో అసలు వచ్చేదే కాదు. 2019లో లీజులు రద్దు చేసేదాకా ఊళ్లకు నిద్ర లేదు.

శబరి ఒడ్డు: మీ కొండలు నిలిచాయి కాబట్టి తీర్పుల గురించి వాదించుకుంటున్నారు. మాది కూనవరం మండలం. 2014లో మండలాలకు మండలాలే ఆంధ్రలో కలిపారు, మమ్మల్ని ఎవరడిగారు? పోలవరం నీటిమట్టం 45.72 మీటర్లు. పునరావాసం మాత్రం ముందు 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తు గీత వరకేనట. 2022 జూలై వరదలో ఆ గీతకు పైనున్న మా ఇల్లూ మునిగింది.

కాఫీతోట: పోలవరం సాగునీటి ప్రాజెక్టు. గనులతో కలపకండి.

శబరి ఒడ్డు: మునిగేవాడికి తేడా ఏముంది? కోయల భూమి, కొండరెడ్ల భూమి పోతే అది అభివృద్ధి, మీ కాఫీ తోట పోతే అన్యాయమా?

నియమగిరి దారి: గొడవ ఆపి అడిగినదానికి చెబుదాం. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలోని నియమగిరిలో బాక్సైటు గని మీద 12 గ్రామసభలు జిల్లా జడ్జి సమక్షంలో జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులు తమ కొండను, దేవుణ్ని, వాగులను పేరుపేరునా నమోదు చేయించారు. మీరూ అలాగే రాయించండి. అటవీ హక్కుల నిబంధనల్లో కోరం సగం మంది, వచ్చినవారిలో మూడోవంతు మహిళలు. పంచాయతీకి ఒకటి కాదు, ఏ గూడేనికి ఆ గూడెం సభ పెట్టండి.

పాతకేసులు: కోరం సరే. తేదీ లేని తెల్లకాగితం మీద మాత్రం ఎవరూ వేలిముద్ర వేయవద్దు. ఒక ఊళ్లో అలాంటి కాగితమే తరువాత అంగీకార తీర్మానంగా బయటికొచ్చింది. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

శబరి ఒడ్డు: మా దగ్గర పింఛను కాగితమని చెప్పి వేయించుకున్నారు. వకీలుగారూ, ఆ తీర్మానాన్ని ఇప్పుడు సవాలు చేయవచ్చా?