అప్‌డేట్: చెల్లి మెడలో గడ్డలు క్యాన్సర్ కాదు

పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన మా చెల్లికి మెడ పక్కన మళ్లీ బిళ్లలు కట్టాయని, జ్వరం కూడా వస్తోందని అడిగాను కదా. స్కాన్‌లో అనుమానం రాసేసరికి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. సూది పరీక్షలో థైరాయిడ్ కణాలేవీ లేవు. సూది కడిగిన ద్రవంలో థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) కూడా దాదాపు సున్నా. అయినా సర్జన్ గారు ఊరుకోలేదు, ఒక గడ్డని మొత్తంగా తీసి బయాప్సీకి పంపారు. మంచి పని చేశారు. కికుచి వ్యాధి అట, అంటే క్యాన్సర్ కాని లింఫు గ్రంథుల వాపు! 1972లో జపాన్ డాక్టర్లు మొదట వర్ణించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకి వచ్చి, కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. టీబీకి జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష, లూపస్‌కి (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఏఎన్ఏ రక్త పరీక్ష చేశారు, రెండూ నెగటివ్. కొందరిలో లూపస్ తర్వాత బయటపడుతుంది కాబట్టి ఫాలో అప్ తప్పదన్నారు. ప్రస్తుతానికి జ్వరానికి పారాసిటమాల్, పరగడుపున ఎప్పటి థైరాయిడ్ మాత్ర, అంతే.