తొమ్మిదేళ్ళ బాబు బరువు: ఇంట్లో పెద్దవాళ్ళను ఎలా ఒప్పించాలి?

అడిగినవారు: కూకట్‌పల్లి తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి చదువుతున్నాడు. ఈ మధ్య జ్వరమొస్తే పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు ఉండడం చూసి ఆయన జ్వరం సంగతి రెండు నిమిషాల్లో ముగించి, మిగతా సమయమంతా బరువు గురించే మాట్లాడారు. ఇది ఊబకాయం కిందికే వస్తుందని, ఇప్పుడే ఇంట్లో అలవాట్లు మార్చుకుంటే మందుల అవసరం లేకుండానే సర్దుకుంటుందని చెప్పారు.

ఆ మాట మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు. ఎదిగే పిల్లాడికి ఆ మాత్రం ఒళ్ళుండాలని, పొడుగు సాగితే అదే సర్దుకుంటుందని మా అత్తయ్య గారు అంటారు. నేను పెట్టిన అన్నం తిని వాడు లేచాక, నేను పక్కగదిలో ఉండగా పిలిచి, నెయ్యి వేసిన ముద్దపప్పుతో మరో నాలుగు ముద్దలు తినిపిస్తారు. ఎవరైనా "బాబు బొద్దుగా ఉన్నాడే" అంటే ఆ సాయంత్రమే దిష్టి తీస్తారు. మావారు ఆఫీసు నుంచి వస్తూ పఫ్‌లో, చిప్స్ ప్యాకెట్లో తేకుండా గుమ్మం దాటరు. బాబు సాయంత్రం అయిదింటికి బడి నుంచి వచ్చి ఆరింటికి ట్యూషన్‌కు వెళ్తాడు. ఆడుకోవడానికి అపార్ట్‌మెంట్ సెల్లారు తప్ప చోటు లేదు, అక్కడ కార్లు తిరుగుతుంటాయి.

డాక్టరు గారు చెప్పినంతగా ఆందోళన పడవలసిన విషయమేనా? అయితే, పెద్దావిడను నొప్పించకుండా, బాబు చిన్నబుచ్చుకోకుండా ఈ మార్పులు ఎలా తీసుకురావాలి? బళ్ళో ఇప్పటికే వాణ్ణి 'లడ్డూ' అని పిలుస్తున్నారట.

జవాబు: గుంటూరు పిల్లల వైద్యుడు

అమ్మా, మీ డాక్టరు గారు చెప్పింది సరైనదే. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బాబు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అని చూపే అంకె, సుమారు 21.2 వస్తుంది. పెద్దవాళ్ళకైతే అది మామూలు అంకె కాబట్టి చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. పిల్లల విషయంలో వయసును, ఆడా మగా అన్నదాన్ని బట్టి పటంలో చూడాలి. భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ 2015లో సవరించిన పెరుగుదల పటాల్లో 23, 27 అని రెండు గీతలుంటాయి. ఇప్పుడున్న తీరులోనే పెరుగుతూ పోతే పిల్లవాడు పెద్దయ్యాక ఏ బీఎంఐకి చేరతాడో ఆ గీతలు సూచిస్తాయి: 23 అధిక బరువుకు, 27 ఊబకాయానికి హద్దు. పాశ్చాత్యులకు వాడే 25, 30 మనకు సరిపోవు, ఎందుకంటే అదే బరువులో మన శరీరాల్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధనల్లో, తక్కువ బరువుతో పుట్టిన మన పసిపిల్లల్లో కూడా ఈ లక్షణం కనిపించింది.

దేశం మొత్తం మీద చూసినా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015–16లో 2.1 శాతం ఉంటే, 2019–21 నాటికి 3.4 శాతానికి చేరారు. అంకె చిన్నదే కానీ, అయిదేళ్ళలో ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది.

బాబు మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా అయిందేమో ఒకసారి చూడండి. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది అది మట్టి అనుకుని నలుగుపిండి పెట్టి, పీచుతో తోమి తోమి పిల్లవాడి మెడను ఎర్రగా చేసి తీసుకువస్తారు. అది తోమితే పోయేది కాదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు కనిపించే గుర్తు అది. అది ఉన్నా, పిల్లవాడు రాత్రుళ్ళు గట్టిగా గురక పెడుతున్నా వెంటనే డాక్టరుకు చూపించి రక్త పరీక్షలు చేయించాలి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి, అంటే మీ బాబు విషయంలో 67 సెంటీమీటర్లకు, మించకూడదు. దర్జీల దగ్గరుండే టేపుతో ఇంట్లోనే కొలవవచ్చు.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ వయసులో మనం బరువు తగ్గించే ప్రయత్నం చేయము. బరువు ఇంకా పెరగకుండా కొంతకాలం ఆపితే చాలు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు ఎదుగుతాడు. మీ బాబు 38 కిలోల దగ్గరే ఉండి 140 సెంటీమీటర్లకు చేరితే బీఎంఐ 19.4కు దిగుతుంది. అందువల్ల పొడుగు సాగితే సర్దుకుంటుందన్న మీ అత్తయ్య గారి మాటలో కొంత నిజం ఉంది, కాకపోతే బరువు ఆగినప్పుడే అది నిజమవుతుంది. ఆవిడతో ఈ మాటే చెప్పి చూడండి, కాదన్నట్టు ఉండదు.

జవాబు: ఒంగోలు వాసి

మా బంధువుల అమ్మాయికి ఇలాగే ఉంటే అన్నం పూర్తిగా మాన్పించి, మూడు పూటలా చిరుధాన్యాలు పెట్టారు. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి, సగం మందికి అదే కారణం. రాగి జావలో బెల్లం వేసి ఇస్తే బలం, బరువూ పెరగదు.

జవాబు: గుంటూరు పిల్లల వైద్యుడు

ఒంగోలు మిత్రులు మంచి మనసుతోనే చెప్పారు, కానీ సరిదిద్దక తప్పదు. హార్మోన్ల లోపం వల్ల లావైన పిల్లలు సాధారణంగా వయసుకు తగ్గ ఎత్తు ఎదగరు. తిండి, అలవాట్ల వల్ల లావైన పిల్లలు తోటివారి కంటే పొడుగ్గా ఉండడమే ఎక్కువ. ఎత్తు పెరగడం ఆగిపోతే, లేదా మీ డాక్టరుకు అనుమానం వస్తేనే థైరాయిడ్ వెంట పడాలి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ కాబట్టి మంచివే, అయితే జొన్నలోనూ రాగిలోనూ కేలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. ఇక బెల్లం కూడా చక్కెరే. ఎదిగే పిల్లలకు అన్నం మాన్పించవలసిన పని లేదు. కంచంలో అన్నం కొంచెం తగ్గి, ఆ ఖాళీలోకి పప్పు, కూర, గుడ్డు, పెరుగు వస్తే చాలు.

జవాబు: రాజమహేంద్రవరం తాతయ్య

అమ్మాయీ, నేను మీ అత్తగారి వయసువాణ్ణి కాబట్టి ఆవిడ తరఫున కూడా కొంత చెప్పాలి. మా చిన్నతనంలో పిల్లవాడు బక్కచిక్కడమంటే దగ్గో, విరేచనాలో, పచ్చకామెర్లో వచ్చి పోయాయని అర్థం. ఒళ్ళు చేసిన పిల్లవాడు జబ్బుకు తట్టుకుంటాడని మా తల్లులు కళ్ళారా చూసి నమ్మారు. అటువంటి మనిషితో "మీరు వాడికి తినిపించకండి" అంటే, నువ్వు వాడికి అక్కర్లేదని చెప్పినట్టే వినిపిస్తుంది. చేయవద్దని చెప్పే ముందు, ఇది చేయండి అని ఏదైనా అప్పగించాలి.

మా ఇంట్లో కోడలు ఆ తెలివి చూపించింది. సాయంత్రం బడి నుంచి వచ్చే మనవలకు ఏం పెట్టాలన్నది పూర్తిగా మా ఆవిడ చేతికే వదిలేసింది, షరతు ఒక్కటే: అది దుకాణంలో ప్యాకెట్లో దొరికేది కాకూడదు, నూనెలో దేవినది కాకూడదు. అప్పటినుంచి మా ఆవిడ ముందురోజు రాత్రే శనగలో, అలసందలో నానబోసుకుంటుంది. మర్నాడు వాటిని ఉడికించి, పోపులో ఇంత కరివేపాకు, ఎండుమిర్చి, చివర కొబ్బరికోరు వేసి గుగ్గిళ్ళు చేస్తుంది. అవి లేని రోజు ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయ ముక్కలు, పలచటి మజ్జిగ. పిల్లలు మొదటి వారం మొహం చిట్లించారు, నిజమే. కానీ ఇంట్లో బిస్కట్ల డబ్బాయే లేకపోతే ఎంతసేపు అలుగుతారు? ఆకలి వేసినప్పుడు గుగ్గిళ్ళు బాగానే దిగుతాయి.

మరొక సంగతి, మీవారితో నెమ్మదిగా మాట్లాడు. తండ్రి చేతిలో సంచీ చూసి పిల్లవాడు పరుగెత్తుకొస్తాడు, ఆ ఆనందం కోసమే ఆయన తెస్తున్నారు. ఆ సంచీలో అరటిపళ్ళో, సీతాఫలాలో, చవకబారుదైనా సరే ఒక రబ్బరు బంతో ఉండవచ్చు. శని, ఆదివారాల్లో తండ్రీకొడుకులు కలిసి పార్కుకు వెళ్తే మరీ మంచిది. పెద్దవాడు ఫోను పట్టుకుని సోఫాలో కూర్చుని పిల్లవాణ్ణి ఆడుకోమంటే వాడు కదలడు.

జవాబు: హనుమకొండ ఉపాధ్యాయుడు

'లడ్డూ' అన్న పిలుపు గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను చెబుతున్నాను. దయచేసి తరగతి టీచరుతో ఈ విషయం విడిగా మాట్లాడండి. ఇలా పిలిపించుకునే పిల్లలు ముందు ఆటల పీరియడ్ ఎగ్గొట్టడం మొదలుపెడతారు. పరుగెత్తితే నవ్వుతారన్న భయంతో కడుపునొప్పి అని చెప్పి తరగతి గదిలో కూర్చుంటారు. ఇంట్లో కూడా చుట్టాల ముందు బరువు మాట ఎత్తకుండా, తమ్ముడితోనో చెల్లితోనో పోల్చకుండా చూసుకోండి. "నీ కోసం అందరం మానేశాం" అన్న మాట కూడా వాడి మీద భారమే. ఇంట్లో అందరి తిండీ మారాలి, కానీ అది వాడి పేరున మారకూడదు.

ఆటల విషయంలో తప్పు మీది కాదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. అయినా పట్టణాల్లో నాలుగంతస్తుల భవనంలో నడిచే బళ్ళు ఎన్నో మనకు తెలుసు. ఉన్న ఆటల పీరియడ్‌ను పరీక్షల ముందు లెక్కల సారు తీసేసుకోవడం మా వృత్తిలో పాత జబ్బు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగినంత గట్టిగా ఆటల గురించి ఇద్దరు ముగ్గురు అడిగితే యాజమాన్యాలు వింటాయి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదు. మీ బడి క్యాంటీన్‌లో ఏం అమ్ముతున్నారో చూసి, ఈ నిబంధనను ప్రిన్సిపాలు గారి దృష్టికి తీసుకువెళ్ళండి. మీది సీబీఎస్ఈ బడి అయితే, చక్కెర వల్ల కలిగే నష్టాలను తెలిపే బోర్డులు పెట్టాలని 2025లో ఆ బోర్డే ఆదేశించింది.

అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల పాటు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒకేసారి కానక్కర్లేదు. బడికి నడిచి వెళ్ళగల దూరమైతే నడిపించండి, లిఫ్టు మాని మెట్లెక్కించండి. ట్యూషన్‌ను ఒక గంట వెనక్కి జరిపి, వెలుతురు ఉండగా వాణ్ణి బయటికి పంపే వీలుందేమో చూడండి. నాలుగో తరగతికి ట్యూషన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది వేరే చర్చ.

అడిగినవారు: కూకట్‌పల్లి తల్లి

అందరికీ ధన్యవాదాలు. టేపుతో కొలిచాను, నడుము 69 వచ్చింది. మెడ మీద నలుపు లేదు. తాతయ్య గారి మాట నచ్చి, సాయంత్రం తిండి బాధ్యత అత్తయ్య గారికి అప్పగించాను. "వారానికి ఒకరోజు మాత్రం పునుగులు నా ఇష్టం" అన్నారు, ఒప్పుకున్నాను. బాబు ఉదయం, రాత్రి పాలల్లో చాక్లెట్ రుచి ఉన్న పొడి వేసుకుంటేనే తాగుతాడు. డబ్బా మీద ఎదుగుదలకు మంచిదని రాసి ఉంది. అది కూడా ఆపాలా?

జవాబు: తార్నాక పోషకాహార విద్యార్థిని

ముందువైపు రాసింది వదిలేసి, డబ్బా వెనక చిన్న అక్షరాల పట్టికలో 'జోడించిన చక్కెర' అన్న వరుస చూడండి. ఇటువంటి కొన్ని పొడుల్లో 100 గ్రాములకు సుమారు 30 గ్రాములు చక్కెరే ఉంటుంది. వీటిని 'హెల్త్ డ్రింక్' అన్న వర్గంలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు సూచించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చక్కెరను రోజుకు 25 గ్రాముల లోపు ఉంచుకోమంటున్నాయి. 250 మిల్లీలీటర్ల కోలా ఒక్కటే దాన్ని దాటించేస్తుంది. పళ్ళరసం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, పండును పండుగానే తినిపించండి.

పొడిని ఒక్కసారిగా ఆపితే బాబు పాలే మానేస్తాడేమో. చెంచా నిండుగా వేసేది ముప్పావుకు, తర్వాత సగానికి, ఆ తర్వాత పావుకు తగ్గించుకుంటూ రండి. నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది. రాత్రి పాలను భోజనం మీద అదనంగా ఇస్తున్నట్టయితే, దాని బదులు భోజనంలోనే పెరుగు చేర్చవచ్చు.

నూనె లెక్క కూడా ఒకసారి వేసుకోండి. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున అనుకున్నా నలుగురికి నెలకు మూడు కిలోలు. మీ ఇంట్లో అయిదు లీటర్ల డబ్బా నెల తిరక్కముందే అయిపోతుంటే, బాబుకే కాదు, మీ అత్తయ్య గారికీ మీవారికీ కూడా అది ఎక్కువే. పునుగులు వారానికి ఒకసారే కాబట్టి ఫరవాలేదు, కాగిన నూనెను మాత్రం మళ్ళీ మళ్ళీ వాడనివ్వకండి.

జవాబు: గుంటూరు పిల్లల వైద్యుడు

నడుము 69 అంటే నేను చెప్పిన 67ను కొంచెం దాటింది కానీ ఇంకా చేయిదాటలేదు, మీ డాక్టరు గారికి ఆ అంకె చెప్పండి. భోజనం వేళ టీవీ, ఫోను రెండూ ఆపి, అందరూ కలిసి కూర్చుని తినండి. వాడు చాలన్న తర్వాత ఇంకో ముద్ద కోసం బలవంతం వద్దు. కంచంలో ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం. ఈ ఒక్కదానికి అత్తయ్య గారు ఒప్పుకోవడమే కొంచెం కష్టం. అవసరమైతే తదుపరిసారి ఆవిడను కూడా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, ఆ మాట ఆయన నోట వింటే మీ మీద నింద ఉండదు. వాడు రాత్రి తొమ్మిదిన్నర లోపు పడుకునేలా చూడండి, ఈ వయసుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, నిద్ర చాలకపోతే మర్నాడు తీపి మీదకీ వేపుళ్ళ మీదకీ మనసు పోతుంది. ఇంట్లో రోజూ బరువు చూడవద్దు. మూడు నెలల తర్వాత ఆస్పత్రిలో ఎత్తు, బరువు, నడుము మూడూ కొలిపించి, అదే పటంలో చుక్క పెట్టించండి.