పన్నెండేళ్ల తర్వాత వచ్చిన కేట్ బుష్ ‘ఏరియల్’ను ఎలా వినాలి?

ప్రశ్న:

నాలాంటి చాలామందికి బ్రిటిష్ గాయని కేట్ బుష్ 2022లో స్ట్రేంజర్ థింగ్స్ అనే సిరీస్ నాలుగో సీజన్ ద్వారానే పరిచయం. ఆమె 1985లో స్వయంగా రాసి పాడిన పాట 37 ఏళ్ల తర్వాత బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిందని తెలిసి, ఆమె ఆల్బమ్‌లన్నీ వరసగా వినడం మొదలుపెట్టాను. 1993 నాటి ఆల్బమ్ వరకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ తర్వాత కొత్త ఆల్బమ్ కోసం 2005 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు రెండు డిస్కుల ‘ఏరియల్’ వచ్చింది. దాన్ని రెండుసార్లు విన్నాను. గొంతు నిండుగా ఉంది, పియానో హాయిగా ఉంది. కానీ ఒక పాటలో వాషింగ్ మెషీన్, మరొక పాటలో వరసగా అంకెలు వినేసరికి, ఇన్నేళ్లు ఆగి వచ్చిన మనిషి చెప్పదలచుకున్నది ఇదేనా అనిపించింది. లోపం నా వినికిడిలోనే ఉందేమోనన్న అనుమానం కూడా ఉంది. ఈ ఆల్బమ్‌తో ఎక్కువకాలం గడిపినవారు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

సమాధానం 1:

మీకు కొరుకుడు పడని ఆ వాషింగ్ మెషీన్ పాటతోనే మొదలుపెట్టండి. అందులో గొంతు, పియానో తప్ప దాదాపు ఏమీ లేవు. వానలో వచ్చినవాళ్లు ఇంటినిండా బురద చేసి వెళితే, ఒక ఇల్లాలు నేలంతా తుడిచి, బట్టలన్నీ మెషీన్‌లో వేసి, అవి తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటుంది. తన జాకెట్టు అతని ప్యాంటుకు చుట్టుకుంటుంది. చూస్తూ చూస్తూ ఆమె మనసు సముద్రంలోకి దిగిపోతుంది. కాసేపటికి బయట అతను నిలబడి ఉన్నాడనుకుంటుంది. తీరా చూస్తే, దండెం మీద ఆరేసిన చొక్కా గాలికి చెయ్యి ఊపుతోంది. అతను ఏమయ్యాడో పాట చెప్పదు. నాకు మాత్రం ప్రతిసారీ అక్కడ గుండె జారుతుంది.

కేట్ తల్లి 1992లో మరణించారు, కొడుకు 1998లో పుట్టాడు. 19 ఏళ్ల వయసులో, 1978లో, తానే రాసుకున్న పాటతో బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్న తొలి మహిళ ఆమె. అంత చిన్న వయసు నుంచి జనం కళ్లెదుట బతికిన మనిషి కొన్నేళ్లు ఇంటికే పరిమితమైతే, ఆ ఇల్లే పాటల్లోకి రావడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. మొదటి డిస్కు చివర తల్లిని తలచుకునే పాటను కూడా వదలకండి. ఒకప్పుడు అమ్మ పాలు పోసుకున్న చిన్న గోధుమరంగు జగ్గు చుట్టూ తిరిగే పాట అది.

సమాధానం 2:

పై అభిప్రాయంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను కానీ, మొదటి డిస్కులోని పాటలన్నీ ఒకే ఎత్తులో లేవన్నది నా అభిప్రాయం. కొడుకు మీద రాసిన పాటలో ముద్దు మరీ ఎక్కువైంది. అంకెల పాట విషయంలో మాత్రం మీరు తొందరపడ్డారు. అది లెక్కలంటే ప్రాణం పెట్టే ఒక సౌమ్యుడి గురించిన పాట. అతనికి ఇష్టమైన ‘పై’ (π) విలువను ఆమె దశాంశాల వెంట పాడుకుంటూ వెళుతుంది. ప్రతి అంకెనూ ఒక్కో తీరున, జోలపాటలో పేరు పిలిచినంత ప్రేమగా పలుకుతుంది. అంకెలకు బదులు అక్షరాలు వాడే కటపయాది పద్ధతిలో ఇదే విలువను శ్లోకంలో దాచుకున్న సంప్రదాయం మనకు ఉంది కనుక, అంకెలు పాడటం మనకు వింత కాకూడదు.

సమాధానం 3:

మొదటి డిస్కును విడివిడి పాటలుగా వినవచ్చు గానీ, రెండో డిస్కును ముక్కలు చేయకండి. సుమారు 42 నిమిషాల పాటు సాగే ఆ రచనలో వేసవిలో ఒక పూర్తి రోజు గడుస్తుంది: పిట్టల కూతలు, మధ్యాహ్నం బొమ్మ వేస్తున్న చిత్రకారుడు, అతని రంగుల మీద పడే వాన, సూర్యాస్తమయం, రాత్రి సముద్రంలో ఈత, మళ్లీ తెల్లవారడం. పిట్టల కూతతో ఆమె గొంతు కలిసిపోయే చోట్లు జాగ్రత్తగా వినండి. అట్ట మీద సంధ్యవేళ నీటిలో నీడ పడిన కొండల వరుసలా కనిపించేది నిజానికి ఒక పిట్ట పాట తాలూకు ధ్వని తరంగం. నేను చాలా ఏళ్లు వాటిని కొండలనే అనుకున్నాను.

2014లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఆమె 22 ప్రదర్శనలు ఇచ్చినప్పుడు ఈ భాగాన్ని వేదిక మీదికి తెచ్చింది. 1979 తర్వాత ఆమె అలా పూర్తి కచేరీలు చేయడం అదే మొదలు. మరొక విషయం: 2018లో వచ్చిన రీమాస్టర్‌లో, అంటే ధ్వనిని మెరుగుపరచి మళ్లీ విడుదల చేసిన ప్రతిలో, చిత్రకారుడి గొంతు మారింది. 2005లో వేరొకరు పలికిన ఆ మాటలను అందులో ఆమె కొడుకే పలికాడు. ఆల్బమ్ మొదట వచ్చినప్పుడు అతను ఏడేళ్ల పిల్లవాడు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మొదటి డిస్కు మళ్లీ విన్నాను. దండెం మీది చొక్కా నాకు ఇప్పుడు కనిపించింది. జగ్గు పాట దగ్గర మాత్రం ముందుకు వెళ్లలేకపోయాను. మా అమ్మమ్మ పాలు తోడుపెట్టిన రాచిప్ప ఇప్పటికీ మా అటక మీదే ఉంది. దాన్ని వాడటానికీ, పారేయడానికీ అమ్మకు మనసు రాదు. రెండో డిస్కును ఆదివారం తెల్లవారుజామున, మధ్యలో ఆపకుండా వింటాను. ముందు 2018 ప్రతి, తర్వాత 2005 ప్రతి.