ఇన్‌హౌస్ మూవ్‌మెంట్ కోసం రెట్టింపు డబ్బు పెట్టడం దండగేనా?

మూడోముల్లు: ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ (చేతి కదలికకే కీ ఎక్కే, స్టాప్‌వాచ్ ఉన్న చేతి వాచీ) కొందామని చాలాకాలంగా చదువుతున్నాను. వడపోస్తే రెండు మిగిలాయి. ఒకదానిలో వాల్జూ 7750, అంటే బయటినుంచి కొని వాడే మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం). ఇంకోదానిలో కంపెనీ సొంతంగా చేసుకున్న మూవ్‌మెంట్, కాలమ్ వీల్ (స్టాప్‌వాచ్ బటన్ల పనిని నడిపే చక్రం), వర్టికల్ క్లచ్ (స్టాప్‌వాచ్‌ను మూవ్‌మెంట్‌కు కలిపే భాగం). దీని ధర దాదాపు రెట్టింపు. ఆ తేడా చేతికి తెలుస్తుందా, కాగితం మీదేనా?

వాల్జూ అభిమాని: కాగితం మీదే. 7750 వచ్చి 50 ఏళ్లు దాటింది. దాన్ని విప్పడం తెలిసినవాళ్లు ఎక్కువ, విడిభాగాలూ దొరుకుతాయి. డబ్బు మిగుల్చుకోండి.

నీలిడయల్: పాతదైతే మంచిదైపోతుందా? 7750 మందమే 7.9 మి.మీ. పైన కేసు, అద్దం కలిస్తే చొక్కా కఫ్ కింద దూరదు. రోటర్ (చేతి కదలికకు లోపల తిరిగే బరువు) ఒకవైపు తిరిగితేనే కీ ఎక్కుతుంది, రెండోవైపు ఊరికే గిర్రున తిరుగుతుంది, ఆ వణుకు మణికట్టుకు తెలుస్తుంది. ఇక బటన్ సంగతి సరే సరి, బలంగా నొక్కితే గానీ కదలదు. కాలమ్ వీల్ ఉన్నదాన్ని ఒక్కసారి నొక్కి చూశాక మాట్లాడండి.

పాతగడియారం: ఇద్దరూ రెండు వేరు ప్రశ్నలను కలిపేస్తున్నారు. మూవ్‌మెంట్ ఎవరు చేశారన్నది ఒకటి, అందులో ఏముందన్నది ఇంకొకటి.

మొదటిదానికి నేనైతే పైసా ఎక్కువ ఇవ్వను. 1969లో వచ్చిన తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో ఒకటైన క్యాలిబర్ 11 మూవ్‌మెంట్ హోయర్, బ్రైట్లింగ్ తదితర కంపెనీలు కలిసి చేసిందే. రోలెక్స్ డేటోనా 1988లో ఆటోమేటిక్ అయినప్పుడు లోపల ఉన్నది జెనిత్ అనే వేరే కంపెనీ మూవ్‌మెంట్ ఎల్ ప్రిమెరో. గంటకు 36,000 బీట్లను (యంత్రం టిక్కులను) 28,800కి తగ్గించి వాడుకున్నారు. రోలెక్స్ సొంత మూవ్‌మెంట్ 4130 వచ్చింది 2000లో. ఆ రెండేళ్ల మధ్య, అంటే 1988 నుంచి 2000 దాకా వచ్చిన డేటోనాలను ఎవరైనా చిన్నచూపు చూస్తున్నారా? వెతికి మరీ కొంటున్నారు. టూడర్ కంపెనీ క్రోనోకు ఈరోజుకీ బ్రైట్లింగ్ మూవ్‌మెంట్ బీ01 ఆధారం.

రెండోదాంట్లో విషయం ఉంది. వర్టికల్ క్లచ్ ఉంటే స్టార్ట్ నొక్కగానే సెకన్ల ముల్లు ఎగిరిపడదు. క్రోనోను గంటలకొద్దీ నడిపినా పెద్దగా ఇబ్బంది ఉండదు. కానీ దీన్ని ఆటోమేటిక్ క్రోనోలోకి తెచ్చింది జపాన్ కంపెనీ సీకో 6139, అదీ 1969లోనే. లగ్జరీ సొత్తేం కాదు! కాలమ్ వీల్ వల్ల బటన్ మెత్తగా నొక్కుకుంటుంది, అంతే. టైమ్ కచ్చితత్వానికీ దానికీ సంబంధం లేదు. రోజుకు −4 నుంచి +6 సెకన్ల కాస్క్ (స్విస్ వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించే సంస్థ) సర్టిఫికెట్ సరిగ్గా ట్యూన్ చేసిన 7750కి కూడా వస్తుంది.

నీలిడయల్: "అంతే" అని తేల్చేశారు గానీ, క్రోనోగ్రాఫ్ కొనేదే ఆ బటన్ నొక్కడానికి కదండీ.

వాల్జూ అభిమాని: సర్వీసింగ్ మాట ఎవరూ ఎత్తరేం? మామూలు మూడు ముళ్ల వాచీ కంటే క్రోనో సర్వీసింగ్‌కు ఎక్కువవుతుంది. సొంత మూవ్‌మెంట్ అయితే చాలా కంపెనీలు బయటివాళ్లకు విడిభాగాలు అమ్మవు. కొన్నింటిలో వర్టికల్ క్లచ్ పాడైతే మొత్తం మార్చాల్సిందే.

నీలిడయల్: ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది.

పాతగడియారం: డబ్బు ఒక్కటే కాదు. వాచీని కంపెనీ సెంటర్‌కే పంపి నెలల తరబడి ఎదురుచూడగలరా అన్నది చూసుకోవాలి. మూడోముల్లు గారూ, మీరు క్రోనోను నిజంగా దేనికి వాడతారు?

మూడోముల్లు: నిజం చెప్పాలంటే టీ కాచుకోవడానికీ, నడకకూ. మహా అయితే అరగంట. ఇప్పుడు మనసు 7750 వైపే మొగ్గుతోంది, ఒక్క మందమే అనుమానం. పెట్టుకుని చూసి తేలుస్తాను.

వాల్జూ అభిమాని: చొక్కా కఫ్‌తోనే వెళ్లి చూడండి. ఒక మాట, క్రోనో ముల్లు నడుస్తుండగా రీసెట్ నొక్కకండి, ఫ్లైబ్యాక్ (నడుస్తుండగానే రీసెట్ చేయగలిగే రకం) అయితే తప్ప. నీళ్లలో బటన్ల జోలికి పోవద్దు. రాత్రి 9 నుంచి 2 దాకా తేదీ మార్చొద్దు.